ఐదు వయళ్ల కీటకవిష టాక్సిన్ సెట్: ఆరు నెలల వాడకం తర్వాత

నాడీకణాల త్వచంలో అయాన్లను (విద్యుదావేశం ఉన్న పరమాణువులను) పోనిచ్చే ద్వారాలైన అయాన్ ఛానళ్ల మీద పనిచేసే ఐదు కీటకవిష పెప్టైడ్‌లను ఒకే పెట్టెలో పెట్టి అమ్మే సెట్ ఒకటి ఆరు నెలల కిందట మా ప్రయోగశాలకు వచ్చింది. ప్యాచ్ క్లాంప్ పద్ధతిలో నాడీకణాల విద్యుత్ ప్రవాహాలను కొలవడం నా రోజువారీ పని కాబట్టి, ఈ ఐదింటినీ నా చేత్తోనే కరిగించి, నా రిగ్ (కొలిచే పరికరాల అమరిక) మీదనే పరీక్షించాను. ముందుగానే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇందులోని రెండు వయళ్లు చాలా మంచివి, ఒకటి వాడేవారు జాగ్రత్తపడితే మంచిది, ఒకటి చాలినంత లేదు, ఇంకొకటి ఈ పెట్టెలో ఉండవలసినదే కాదు. ఐదూ ఒకే కోవకు చెందిన పదార్థాలు అన్న భావన కలిగేలా పెట్టెను, దానితో వచ్చే కరపత్రాన్ని తయారు చేయడమే ఈ సెట్‌లోని అసలు లోపం.

పెట్టెలో అపామిన్, టెర్టియాపిన్-క్యూ, ఎంసీడీ పెప్టైడ్, బీటా-పాంపిలిడోటాక్సిన్, మెలిటిన్ అనే ఐదు పెప్టైడ్‌లు, ఒక్కొక్కటి 100 మైక్రోగ్రాముల చొప్పున, ఫ్రీజ్-డ్రై చేసిన పొడి రూపంలో ఉంటాయి. ఏదీ కీటకం నుంచి తీసినది కాదు, అన్నీ ప్రయోగశాలలో సంశ్లేషించినవే. ఇది మెచ్చుకోదగిన విషయం. సహజ విషం నుంచి వేరుచేసిన అపామిన్‌లో ఫాస్ఫోలైపేజ్ ఎంజైమ్, మెలిటిన్ వంటివి లేశమాత్రంగా మిగిలిపోయినా, కణం మీద కనిపించిన ప్రభావం దేనివల్ల కలిగిందో తేల్చుకోలేక తల పట్టుకోవలసి వస్తుంది. పేరు మాత్రం ‘కీటకవిషాల సెట్’ అని ఘనంగా పెట్టారు గానీ, ఐదింటిలో నాలుగు తేనెటీగ విషానికి చెందినవే. మిగిలిన ఒక్కటి సాలీళ్లను వేటాడే ఒంటరి కందిరీగది. చీమలకు చోటే దక్కలేదు.

మొదటిసారి ఇలాంటి వయల్ తెరిచేవారికి ఒక మాట చెప్పాలి. మూత తీసి చూస్తే లోపల ఏమీ ఉన్నట్టు కనిపించదు. 100 మైక్రోగ్రాములు అంటే ఉప్పు గింజ కన్నా పెద్దదేమీ కాదు. అది గాజు గోడకు పలుచటి తెల్లని పొరలా అంటుకునో, ప్రయాణంలో కుదుపులకు మూత అడుగున చేరుకునో ఉంటుంది. మా దగ్గర కొత్తగా చేరిన విద్యార్థి ఒకరు టెర్టియాపిన్ వయల్ ఖాళీగా వచ్చిందని ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు. వయల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో ఒక నిమిషం తిప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, అడుగున మంచు పూసినంత మరక కనిపించింది. తెరవడానికి ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పమన్న ఒక్క వాక్యం కరపత్రంలో ఉంటే సరిపోయేది. ఆ వాక్యం లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి బరువుది. సీసా మీద రాసిన 100 మైక్రోగ్రాములు పొడి మొత్తం బరువు, పెప్టైడ్ బరువు కాదు. సంశ్లేషించిన పెప్టైడ్‌ను శుద్ధి చేసేటప్పుడు దానికి ట్రైఫ్లోరోఅసిటేట్ అయాన్లు, కాస్త తేమ అంటిపెట్టుకుంటాయి. వాటి వాటా తీసివేస్తే తప్ప అసలు పెప్టైడ్ ఎంతో తెలియదు. అపామిన్ అణుభారం సుమారు 2027 డాల్టన్లు కాబట్టి 100 మైక్రోగ్రాములకు 49 నానోమోల్‌లు ఉంటాయని లెక్కగట్టి, 493 మైక్రోలీటర్ల నీటిలో కరిగించి 100 మైక్రోమోలార్ ద్రావణం తయారైందనుకుంటాం. అమ్మకందారుకు రాసి తెప్పించుకున్న విశ్లేషణ పత్రం ప్రకారం మా బ్యాచ్‌లో నికర పెప్టైడ్ నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ మాత్రమే. అంటే నేను 100 అనుకున్నది నిజానికి 77 దరిదాపుల్లో ఉంది. స్వచ్ఛత 98 శాతానికి పైనే అని సీసా మీద అచ్చు వేయడం అబద్ధం కాదు, కానీ స్వచ్ఛత వేరు, పరిమాణం వేరు. గాఢత మారుస్తూ ప్రభావాన్ని గీతగా గీసేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక వయళ్ల సంగతికి వస్తే, మొదటి స్థానం అపామిన్‌దే. ఇది 18 అమైనో ఆమ్లాల గొలుసు. రెండు డైసల్ఫైడ్ బంధాలు దాన్ని ముడి వేసినట్టు బిగించి ఉంచుతాయి. తేనెటీగ ఎండు విషంలో ఇది రెండు మూడు శాతం మాత్రమే ఉన్నా, నాడీశాస్త్రానికి తేనెటీగ చేసిన ఉపకారంలో సింహభాగం దీనిదే. నాడీకణం ఒకసారి స్పందించగానే (విద్యుత్ సంకేతం వెలువరించగానే) లోపలికి వచ్చిన కాల్షియం, ఛానల్‌కు అంటుకుని ఉండే కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్ ద్వారా చిన్న వాహకత్వపు ఎస్‌కే రకం పొటాషియం ఛానళ్లను తెరుస్తుంది. వాటిగుండా పొటాషియం బయటికి పోవడంతో త్వచం విభవం మరింత రుణాత్మకంగా మారి, కణం కొద్దిసేపు ఊపిరి తీసుకున్నట్టు ఆగి, ఆ తర్వాతే మళ్లీ స్పందిస్తుంది. అపామిన్ బయటి వైపు నుంచి వచ్చి ఈ ఛానళ్లను మూసివేస్తుంది. ఈ పనికి దాని 13వ, 14వ స్థానాల్లోని ఆర్జినిన్‌లు రెండూ కావాలి. ఛానల్ రకాలన్నీ దీనికి ఒకే తీరుగా లొంగవు. ఎస్‌కే2కు నానోమోలార్‌లో పదో వంతు కూడా ఎక్కువే, ఎస్‌కే3కి కొన్ని నానోమోలార్‌లు కావాలి.

మధ్యమెదడులోని డోపమైన్ నాడీకణాల మీద దీన్ని పరీక్షించాను. మెదడు స్లైసులలో ఈ కణాలు బయటి ప్రేరణ ఏదీ లేకుండానే గడియారం ముల్లు కదిలినంత క్రమంగా సెకనుకు ఒకటి రెండు సార్లు స్పందిస్తూ ఉంటాయి. ఆ లయను కాపాడేది ముఖ్యంగా ఎస్‌కే3 ఛానళ్లే. స్లైసు మీదుగా పారే స్నాన ద్రావణంలో 100 నానోమోలార్ అపామిన్ కలిపాక మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. నాలుగో నిమిషంలో ఒక విరామం కుంచించుకుంది, తర్వాతిది సాగింది. ఎనిమిదో నిమిషానికి గడియారం పూర్తిగా తప్పింది. మూడు స్పందనలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడటం, తర్వాత పెద్ద ఖాళీ, మళ్లీ రెండు. కణం వోల్టేజీని స్థిరంగా పట్టి ఉంచే వోల్టేజ్ క్లాంప్‌లో చూస్తే, కాల్షియం లోపలికి వచ్చేలా కణానికి ఇచ్చిన చిన్న మెట్టు తర్వాత తోకలా మిగిలే బయటి ప్రవాహం దాదాపు చదునైపోయింది. ఎంతసేపు కడిగినా అది పూర్తిగా తిరిగిరాలేదు. అపామిన్ పట్టు అంత సులభంగా వదలదు కాబట్టి దీన్ని సరుకు లోపంగా లెక్కించకూడదు. అదే స్లైసులో రెండో కణం మీద ప్రయోగం చేద్దామనుకునేవారు ఆ ఆశ వదులుకోవడం మంచిది.

ఈ ఛానళ్ల జన్యువులు బయటపడింది 1996లో. అంతకు ముందు చాలా ఏళ్లపాటు వీటిని ‘అపామిన్‌కు లొంగే పొటాషియం ఛానళ్లు’ అనే పిలిచేవారు. అంటే ఛానల్ ఏమిటో తెలియక ముందే దాన్ని మూసే తాళం చేతికి చిక్కింది. ఆ కారణంగానే కావచ్చు, ఈ వయల్ మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. అయినా పక్షపాతం పక్కన పెట్టి చెప్పినా, ఆరు నెలల్లో మూడు వేర్వేరు భాగాలను కరిగించి చూసినప్పుడు ఫలితం ఒక్కసారీ మారలేదు.

టెర్టియాపిన్-క్యూ రెండో మంచి వయల్. తేనెటీగ విషంలో సహజంగా ఉండే టెర్టియాపిన్ 21 అమైనో ఆమ్లాల పెప్టైడ్. లోపలి వైపుకే పొటాషియాన్ని సులువుగా పోనిచ్చే కిర్ కుటుంబంలోని కొన్ని ఛానళ్లకు, ప్రత్యేకించి మూత్రపిండాల్లోని కిర్ 1.1కు, గుండెలోను మెదడులోను జీ-ప్రొటీన్‌ల ఆజ్ఞతో తెరుచుకునే గర్క్ ఛానళ్లకు ఇది బయటి నుంచి బిరడాలా అడ్డం పడుతుంది. అయితే దీని 13వ స్థానంలోని మెథియొనిన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెంది పెప్టైడ్ బలహీనపడుతుంది. ఆ ఒక్క స్థానంలో గ్లూటమిన్‌ను పెట్టి తయారు చేసినదే టెర్టియాపిన్-క్యూ. ఛానల్‌ను పట్టుకునే బలం తగ్గలేదు, గాలి బెడద పోయింది. ఈ సంగతి పరిశోధకులు 1990ల చివర్లోనే తేల్చారు. అమ్మకందారు సహజ రూపం కాక ఈ మార్చిన రూపాన్నే ఎంచుకోవడం తెలివైన పని. హిప్పోకాంపస్ కణాల్లో బాక్లోఫెన్ అనే మందుతో గాబా-బి గ్రాహకాలను ప్రేరేపిస్తే పుట్టే గర్క్ ప్రవాహాన్ని ఇది శుభ్రంగా అణచింది. నాలుగు నెలలు మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచిన భాగం కూడా మొదటి రోజు దానిలాగే పనిచేసింది. కరపత్రం మాత్రం దీన్ని ‘గర్క్‌కు మాత్రమే ప్రత్యేకమైన నిరోధకం’ అంటుంది. కాల్షియంతో తెరుచుకునే పెద్ద వాహకత్వపు బీకే ఛానళ్లను కూడా ఇది నిరోధించగలదని చాలాకాలంగా తెలిసిన విషయమే. ఆ ‘మాత్రమే’ అన్న మాట తీసివేయాలి.

ఎంసీడీ పెప్టైడ్ విషయంలో తప్పు నాది సగం, కరపత్రానిది సగం. 22 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌కు ఆ పేరు (మాస్ట్ సెల్ డీగ్రాన్యులేటింగ్) రావడానికి కారణం, ఇది మాస్ట్ కణాల్లోని హిస్టమిన్ రేణువులను బయటికి కుమ్మరించడం. నాడీకణాల్లో దీని పని వేరు. స్పందన మొదలయ్యే గడపను నిర్ణయించే కేవీ 1.1, కేవీ 1.2 వంటి పొటాషియం ఛానళ్లను ఇది మూస్తుంది. మాంబా పాముల విషంలోని డెండ్రోటాక్సిన్‌లు పట్టుకునే చోటును పట్టుకోవడానికే ఇదీ పోటీపడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పామూ తేనెటీగా ఒకే ఛానల్ దగ్గరికి చేరడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కేవీ 1.1ను వ్యక్తపరిచే కణాల మీద మొదటి మూడు రోజులు ఈ వయల్ అసలు పనిచేయలేదు. బ్యాచ్ చెడిందని ఘాటుగా ఉత్తరం రాశాను. తర్వాత ఆలోచిస్తే, మా ద్రావణం కణాన్ని చేరే ముందు మీటరున్నర పొడవు ప్లాస్టిక్ గొట్టం గుండా ప్రయాణిస్తోంది. ధనావేశం ఎక్కువగా ఉన్న ఈ పెప్టైడ్ దారి పొడవునా గొట్టం గోడలకే అంటుకుపోతోంది. ద్రావణంలో 0.1 శాతం బొవైన్ సీరం ఆల్బుమిన్ కలిపి, గొట్టాన్ని కుదించగానే ప్రవాహం స్పష్టంగా తగ్గింది. ఉత్తరం రాసినందుకు క్షమాపణ చెప్పాను. అయినా ఒక మాట అనక తప్పదు. నానోమోలార్ గాఢతలో వాడే పెప్టైడ్‌లకు ఆల్బుమిన్ అవసరమని ఈ రంగంలో అందరికీ తెలిసినా, కొత్తగా కొనేవారికి తెలియదు. ఈ సెట్‌ను ప్రకటించిందేమో ‘కొత్తగా ప్రారంభించేవారికి’ అని.

నన్ను అమితంగా ఆకట్టుకున్నదీ, అమితంగా విసిగించినదీ బీటా-పాంపిలిడోటాక్సిన్. సాలీడును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, తన పిల్లకు సజీవాహారంగా దాచిపెట్టే ఒంటరి కందిరీగ విషంలోనిది ఇది. కేవలం 13 అమైనో ఆమ్లాలు, ఒక్క డైసల్ఫైడ్ బంధం కూడా లేదు. దీని జంట అయిన ఆల్ఫా రూపానికీ దీనికీ తేడా ఒక్క 12వ స్థానంలోనే. అక్కడ దానికి లైసిన్ ఉంటే దీనికి ఆర్జినిన్ ఉంటుంది. పైన చెప్పిన మూడు టాక్సిన్‌లూ పొటాషియం ఛానళ్లను మూసేవైతే, ఇది సోడియం ఛానల్‌ను మూసుకోనివ్వదు. సోడియం ఛానల్ తెరుచుకున్న ఒకటి రెండు మిల్లీసెకన్లకే దానంతట అది నిష్క్రియమవుతుంది. ఛానల్ నాలుగో విభాగంలోని వోల్టేజ్ గ్రాహక భాగం కదలికను ఈ పెప్టైడ్ అడ్డుకోవడంతో ఆ నిష్క్రియత నెమ్మదిస్తుంది, తలుపు వేయవలసిన వేళకు వేయనట్టు సోడియం లోపలికి కారుతూనే ఉంటుంది. మెదడు రకం సోడియం ఛానళ్ల మీద పనిచేసే ఈ పెప్టైడ్ గుండె రకం మీద పనిచేయకపోవడం దీని విశిష్టత. రిగ్ తెర మీద చూస్తే ఈ మార్పు చాలా అందంగా ఉంటుంది. సూదిలా కిందికి దిగి చటుక్కున పైకి లేచే సోడియం ప్రవాహపు గీత, టాక్సిన్ తగలగానే మొన అలాగే ఉండి, వెనుక వైపు మాత్రం చీర చెంగులా సాగుతుంది.

విసుగు ఎందుకంటే, దీనికి కావలసిన గాఢత పదుల మైక్రోమోలార్‌లలో ఉంటుంది. అణుభారం సుమారు 1560 డాల్టన్లు. వయల్‌లోని 100 మైక్రోగ్రాములూ అసలైన పెప్టైడే అనుకున్నా, 50 మైక్రోమోలార్ దగ్గర 1.3 మిల్లీలీటర్లకు మించి ద్రావణం రాదు. అదే బరువున్న అపామిన్‌తో 100 నానోమోలార్ దగ్గర అర లీటరుకు దగ్గరగా తయారవుతుంది. స్నాన ద్రావణం నిమిషానికి రెండు మిల్లీలీటర్లు పారే రిగ్‌లో ఈ కందిరీగ వయల్ ఒక్క నిమిషం కూడా నిలవదు. చివరికి సన్నని పిపెట్‌తో కణం పక్కనే చిమ్మే పద్ధతికి మారి, నాలుగు కణాల మీద ఫలితం రాబట్టగలిగాను. ఐదింటికీ ఒకే బరువు ఇవ్వడం పెట్టె అందానికి బాగుంటుంది గానీ, ప్రయోగానికి కాదు. దీన్ని కనీసం ఒక మిల్లీగ్రాము ఇవ్వాలి, లేదా సెట్ నుంచి తీసివేసి విడిగా అమ్మాలి.

మెలిటిన్‌ను ఈ పెట్టెలో ఎందుకు పెట్టారో ఇప్పటికీ అర్థం కాలేదు. తేనెటీగ ఎండు విషంలో దాదాపు సగం ఇదే. కుట్టినప్పటి మంటలో పెద్ద వాటా దీనిదే. అయితే ఈ 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఏ ఛానల్‌నూ వెతుక్కుంటూ వెళ్లదు, నేరుగా కణత్వచపు కొవ్వు పొరలో దూరి దానికే చిల్లులు పెడుతుంది. ఛానల్ తలుపైతే మెలిటిన్ గోడకు పొడిచిన కన్నం. కరపత్రం దీన్ని ‘అయాన్ ఛానళ్లను ఏర్పరచే టాక్సిన్, పోలిక కోసం’ అని పరిచయం చేస్తుంది. మైక్రోమోలార్ స్థాయిలో వేసి చూస్తే, కణాన్ని పట్టి ఉంచడానికి కావలసిన ప్రవాహం నిమిషంలోపే పెరుగుతూ పోయి, ప్రవేశ నిరోధం (త్వచం ప్రవాహానికి చూపే అడ్డంకి) పడిపోయి, కణం ఉబ్బి పగిలింది. దీన్నుంచి అయాన్ ఛానళ్ల గురించి నేర్చుకోగలిగింది ఏమీ లేదు. పైగా ఇదే గొట్టంలో తర్వాత వేరే టాక్సిన్ పంపితే, గోడలకు మిగిలిన మెలిటిన్ ఆ ప్రయోగాన్నీ పాడుచేస్తుంది. ఆ హెచ్చరిక కూడా లేదు. నేను గొట్టాలన్నీ మార్చవలసి వచ్చింది.

ఈ చోటును బుల్లెట్ చీమ విషంలోని పోనెరాటాక్సిన్‌కు ఇచ్చి ఉంటే సెట్‌కు న్యాయం జరిగేది. ఆ 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్ కూడా సోడియం ఛానళ్ల నిష్క్రియతనే దెబ్బతీస్తుంది. కీటకాల కాటుల నొప్పిని 1 నుంచి 4 వరకు అంచె కట్టిన జస్టిన్ ష్మిట్ ఆ చీమను 4కు పైన పెట్టారు. కందిరీగ పెప్టైడ్ పక్కన దాన్ని పెడితే, ఒకే ఛానల్ మీద రెండు వంశాల కీటకాలు వేర్వేరుగా చేరుకున్న ఉపాయాలను పోల్చి చూసే అవకాశం దక్కేది. తేనెటీగలను వేటాడే ఫిలాంథస్ కందిరీగ విషంలోని ఫిలాంథోటాక్సిన్ కూడా బాగుండేది. అది పెప్టైడ్ కాదు, పాలీఅమైన్. గ్లూటమేట్ గ్రాహకాలు తెరుచుకున్నప్పుడు వాటి రంధ్రంలోకే దూరి అడ్డుపడుతుంది.

సేవ గురించి రెండు ముక్కలు. పార్సిల్ సాధారణ ఉష్ణోగ్రతలోనే వచ్చింది. పొడి రూపంలో ఉన్న ఈ పెప్టైడ్‌లకు కొన్ని రోజులు అలా ఉన్నా నష్టం లేదు కాబట్టి అది తప్పు కాదు. విశ్లేషణ పత్రం అడిగితే తొమ్మిది రోజులకు వచ్చింది. ఎంసీడీ గురించి నేను రాసిన ఘాటైన ఉత్తరానికి వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది గానీ, ఆల్బుమిన్ వాడారా అని అడగాలని వారికి తోచలేదు. అడిగి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి.

బోధన కోసం కొనేవారికీ ఈ సెట్‌ను నేను సిఫారసు చేయను. అపామిన్, టెర్టియాపిన్-క్యూ విడివిడిగా దొరుకుతాయి, అదే అమ్మకందారు వద్ద కూడా. గత నెల ఆ రెండింటినే మళ్లీ తెప్పించాను, ఈసారి నికర పెప్టైడ్ ఎంతో ముందే అడిగి లెక్క వేసుకుని కరిగించాను. మెలిటిన్‌లో మిగిలిన భాగం ఫ్రీజర్‌లో వేరే డబ్బాలో, మూత మీద ఎర్ర సిరాతో ‘గొట్టాల్లో పోయవద్దు’ అన్న చీటీతో ఉంది.